పసుపు పెట్టిన అంచు

సోమవారం సాయంత్రం శౌరయ్య సంచి భుజాన వేసుకుని ప్రెస్సు మెట్లు దిగి వెళ్ళిపోయిన దగ్గర కదా మనం ఆగాం. దిగేటప్పుడు ఒక్కసారైనా వెనక్కి చూస్తాడేమో అనుకుంది సుబ్బరత్నం. చూడలేదు.

ఎందుకు వెళ్ళాడో తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. రామకోటేశ్వరరావుది కూచిపూడి పక్క ఊరు. నిన్నమొన్నటిదాకా వ్యవసాయం చేసినవాడు, ఇప్పుడు ఆటోనగర్‌లో లారీ సామాన్ల షాపు తెరుస్తున్నాడు. మద్రాసులో ఎవరో కంపెనీ పెద్దమనిషి చేతిలో విజిటింగ్ కార్డు చూశాడట. చుట్టూ సన్నటి నీలిగీత, అంచుకి ఆనీ ఆననట్టు ఉందట. తనకీ అదే కావాలని పట్టుబట్టాడు. గీత కాస్త లోపలికి జరిపితే మంచిదండీ, అంచుకి అంత దగ్గరగా ఉంటే వెంట్రుకవాసి తేడా కూడా దాగదు అని ట్రెడిల్ అచ్చుమిషన్ తొక్కే శౌరయ్య మొదటే చెప్పాడు. షోకు పట్టుకున్న మనిషి చెవికి అలాంటివి ఎక్కవు. శుక్రవారం షాపు ప్రారంభానికి ఆ మద్రాసు వాళ్ళు వస్తున్నారు, వాళ్ళ చేతిలో ఈ కార్డే పెట్టాలన్నాడు.

వెయ్యి కార్డులూ అచ్చయ్యాయి, కోత అయింది, పెట్టెలో సర్ది పంపించారు. రెండు గంటలు తిరక్కుండా తల్లి శివపార్వతమ్మని వెంటబెట్టుకుని వచ్చి, రామకోటేశ్వరరావు ఆ పెట్టెను బల్లమీద బోర్లించాడు. గీత ఒక పక్క అంచుకి అంటుకుపోయింది, ఎదురుపక్క పెసరగింజంత ఖాళీ. పోనీ అన్నీ ఒకలాగా ఉన్నాయా అంటే అదీ లేదు. ఏ కార్డు సోకు దానిదే. పక్క షాపుల వాళ్ళు కూడా గుమ్మంలోకి వచ్చి చూశారు. అప్పుడు సుబ్బరత్నం నోటి వెంట ఆ మాట వచ్చింది. "నీ చెయ్యి పోయింది శౌరయ్యా. ఇంక ట్రెడిల్ మీద నిలబడొద్దు." ముప్పై ఏళ్ళు ట్రెడిల్ మీద నిలబడ్డవాడు, ఆమె భర్త బసవయ్య ఈ ప్రెస్సు పెట్టకముందు నుంచీ అచ్చుపని చేస్తున్నవాడు, ఆ మాట వినగానే మిషన్ దగ్గర్నుంచి పక్కకి తప్పుకున్నాడు. చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

గురువారం సాయంత్రానికి సరైన కార్డులు ఇస్తే సరే, లేకపోతే వేరేచోట చేయించుకుంటానన్నాడు రామకోటేశ్వరరావు. ఇవాళ బుధవారం.

గవర్నరుపేట సందులో పాలవాళ్ళ సైకిళ్ళు ఇంకా తిరుగుతూండగానే సుబ్బరత్నం ప్రెస్సు తలుపులు తీసింది. రాత్రి కంటిమీద కునుకు లేదు. బసవయ్య పోయి మూడేళ్ళు. ఆడమనిషి అచ్చాఫీసు ఏం నడుపుతుందిలే అన్నవాళ్ళ నోళ్ళు మూయించడానికే ఆ మూడేళ్ళూ సరిపోయాయి. వచ్చే మాఘమాసం పెళ్ళిళ్ళ మాసం. శుభలేఖల పనే ఈ ప్రెస్సుకి అన్నం పెట్టేది. ఇలాంటి సమయంలో ట్రెడిల్ దగ్గర మనిషి లేడు, ఒక పార్టీ కార్డులు మొహాన కొట్టి పోయింది. ఎవరికైనా నిద్ర ఎలా పడుతుంది?

పాడైన కార్డులు నాలుగు తీసి వెలుతురులో పెట్టుకుంది. గీత మూలలు చూసింది. గీత అచ్చుపడే ఇత్తడి రూళ్ళ చివరలు శౌరయ్య ఆకురాయితో అరగదీసి, మూలకి మూల కలిపి కూర్చాడు. నాలుగు మూలల్లోనూ సందు అన్నది లేదు. గీత ఎక్కడా సన్నబడలేదు, ఎక్కడా ముద్ద కాలేదు. చెయ్యి పోయినవాడి పనిలా లేదే అని మొదటిసారి అనిపించింది. ఈ చూపేదో సోమవారమే చూసి ఉండాల్సింది కదా.

అప్పుడు గుర్తొచ్చింది, సిరా కుదిరేదాకా మొదట తీసిన షీట్లు కోయకుండా బల్ల కింద పడేసి ఉంటాయని. వంగి వెతికితే పన్నెండు దొరికాయి. ఒక్కో షీటులో నాలుగు కార్డులు. రంగు పేలవంగా ఉన్నా, అచ్చు పడింది మాత్రం అదే మిషన్ మీద, అదే చేత్తో.

అచ్చుపని తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. ట్రెడిల్‌కి షీటు అందించేటప్పుడు దాని ఒక అంచుని చిన్న పిన్నులకి ఆనిస్తారు. ఏ షీటు వచ్చినా ఆ అంచే ఆనాలి. అప్పుడే ఆ అంచు నుంచి గీతదాకా దూరం అన్నిటికీ ఒకటే ఉంటుంది. కోసేటప్పుడు కూడా కటింగ్ మిషన్ వెనకాల ఉండే గేజి అనే అడ్డుపట్టీకి సరిగ్గా ఆ అంచునే ఆనించి, ముందువైపు కత్తి వెయ్యాలి. అచ్చులో ఏది ఆధారమో కోతలో అదే ఆధారం. అందుకే అచ్చయిన కట్టకి ఆ అంచుమీద శౌరయ్య ఎర్రపెన్సిలుతో నిలువుగీత ఒకటి గీసేవాడు, కోసేవాడు పొరపాటు పడకుండా.

సుబ్బరత్నం ఆ పన్నెండు షీట్లనీ పిన్నుల నొక్కులు పడ్డ అంచు కిందికి వచ్చేలా బల్లమీద తట్టి సమం చేసింది. స్కేలు పెట్టి ఒక్కొక్కటీ కొలిచింది. పన్నెండూ ఒకటే కొలత. మళ్ళీ కొలిచింది. అంతే. ఎదుటి అంచు చూస్తే మాత్రం ఒక షీటు ముందుకి, ఒకటి వెనక్కి, చిన్నపిల్లలు వరసలో నిలబడ్డట్టు ఉంది. దానికి కారణం ఆమెకి తెలుసు. అసలే కాగితం దొరకని రోజులు. వెయ్యి కార్డులకి సరిపడా అట్ట ఒకేచోట పుట్టక, మూడు షాపులు తిరిగి మూడు చోట్ల కోయించి తెచ్చారు. చూపుకి సమానంగానే ఉన్నాయి గానీ తలా కొంచెం తేడా.

అంటే అచ్చులో తప్పు లేదు. శౌరయ్య చెయ్యి ఎక్కడికీ పోలేదు.

స్కేలు కింద పెట్టి సుబ్బరత్నం కుర్చీలో కూలబడింది. తప్పు కోతలో జరిగింది. కోసేది పోతురాజు.

పోతురాజు బందరు అవతల చేపలు పట్టే ఊరివాడు. తండ్రి వల పట్టమంటే వినకుండా బెజవాడ వచ్చి బసవయ్య దగ్గర చేరాడు. పద్దెనిమిదేళ్ళుగా కటింగ్ మిషన్ దగ్గరే ఉన్నాడు. తొమ్మిదింటికి వచ్చి, చొక్కా కొక్కేనికి తగిలించి, మిషన్ చక్రానికి చమురు పెడుతూంటే సుబ్బరత్నం దగ్గరికి వెళ్ళి నిలబడింది. కేకలు వెయ్యాలనే వెళ్ళింది. తీరా వెళ్ళాక మెల్లగా, సోమవారం ఆ కట్టని ఏ వైపు పెట్టి కోశావు అని అడిగింది.

పోతురాజు చమురు డబ్బా మూత పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. పెన్సిలు గీత కనపడలేదా అని ఆమే మళ్ళీ అడిగింది. కనపడిందన్నట్టు తలూపాడు. కనపడి కూడా తిప్పి పెట్టావా అంటే దానికీ తలూపాడు.

"ఎందుకు?"

"పసుపున్న వైపు వెనక్కి పెట్టానండీ," అన్నాడు పోతురాజు, నేలకేసి చూస్తూ.

సుబ్బరత్నానికి ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. సందులో రిక్షా గంట, పక్క షాపు రేడియో, అన్నీ ఆగిపోయినట్టే అయింది.

ఆ పసుపు సంగతి ఆమెకి తప్ప ఎవరికీ తెలియదనుకుంది.

బసవయ్యకి ఒక అలవాటుండేది. కొత్త పార్టీ మొదటి పని ఏదైనా సరే, అచ్చయిన కట్టకి కత్తి పడేముందు రవ్వంత పసుపు నీళ్ళలో రంగరించి, అంచుమీద బొటనవేలితో రాసేవాడు. ఆ అంచుమీద మొదటి కత్తి పడకూడదు, అన్ని కోతలూ అయ్యాక చిట్టచివర దాన్ని విడదీయాలి. ఆ పచ్చటి కాగితం పేలికని లక్ష్మీదేవి పటం వెనకాల దోపేవాడు. ఆయన పోయాక ఆ పని ఆగిపోయింది. ఎవరు చేస్తారు? భర్త పోయిన ఆడదానికి పసుపంటే వంటింటి డబ్బాలోదే, శుభానికి ముట్టుకోకూడదు. ఎవరూ ఆమెకి ఆ మాట చెప్పనక్కర్లేదు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

కానీ ఈ కార్డుల పని వచ్చాక ఆమెకి ఎందుకో భయం పట్టుకుంది. ఆటోనగర్‌లో రోజుకో కొత్త షాపు తెరుస్తున్నారు. ఒకరి కార్డు నచ్చితే పది మంది వస్తారు, నచ్చకపోతే పది మందికీ తెలుస్తుంది. ఆయనుంటే పసుపు పెట్టేవాడు కదా అనిపించింది. సోమవారం పొద్దున అందరికంటే ముందు వచ్చి, సొరుగులో ఉన్న ఆయన పసుపు భరిణె తీసి, గబగబా రంగరించి, దొంగతనం చేస్తున్నదానిలా కట్ట అంచుకి రాసేసింది. ఒక వైపు శౌరయ్య పెన్సిలు గీత ఉంది. గీతమీద రాస్తే చెరిగిపోతుందేమోనని, శుభ్రంగా ఉన్న ఎదురు అంచు చూసుకుని దానికి రాసింది.

"అయ్యగారు ఎప్పుడూ గీత ఉన్న వైపే పెట్టేవారండీ," అన్నాడు పోతురాజు. "ఆయనున్న పదిహేనేళ్ళూ పసుపున్న కట్ట వస్తే నేను గీత వంక చూసిందే లేదు. పసుపు ఎటుంటే అటు వెనక్కి. సోమవారం గీత ఎదరకొచ్చింది. అనుమానం రానే వచ్చిందండీ. కానీ పసుపు మీద కత్తెయ్యడానికి చెయ్యి రాలేదు. అంగుళంలో పిసరు తేడా, ఏముందిలే అనుకున్నా."

చుట్టూ నీలిగీత లేని కార్డయితే నిజంగానే ఏమీ ఉండేది కాదు. అట్ట అంతా ఒకేచోట కోయించిందయినా ఏమీ ఉండేది కాదు. చుట్టూ గీత ఉంది గనక అది పట్టిచ్చింది.

ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగింది సుబ్బరత్నం. అడిగిన వెంటనే ఎందుకడిగానా అనుకుంది.

"వాళ్ళందరి ముందరా ఏమని చెప్పమంటారండీ?" అన్నాడు.

ఇంకా ఏదో నలుగుతోంది అతని నోట్లో. అదీ బయటపెట్టాడు. శౌరయ్యకీ తెలుసట. కార్డులు వెనక్కి వచ్చినప్పుడు అతను ముందు చూసింది తుక్కు బుట్టలోకట. పచ్చటి పేలిక ఒకటి పైకి తీసి, ఎర్రగీత దానిమీద లేదని చూసి, మడిచి జేబులో పెట్టుకుని, పోతురాజు వంక చూసి చెప్పొద్దన్నట్టు తల ఊపాడట. ఆ తర్వాతే ఆమె ఆ మాట అంది.

సుబ్బరత్నానికి ముందు పోతురాజు మీద కోపం వచ్చింది. తర్వాత పోయిన మొగుడి మీద వచ్చింది. ఇరవై ఏళ్ళు కాపురం చేసి, ఫలానా వైపే ఎందుకు పెడతానో ఒక్క మాట చెప్పి చావకూడదా? అడగందే చెప్పే మనిషి కాదు, అడగాలని ఆమెకీ తోచలేదు. ఆయన పెడుతూంటే గుమ్మంలో నిలబడి చూసింది, పసుపు ఒక్కటే కనపడింది. ఆ కోపాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చల్లారిపోయాక మిగిలింది తనే. ముప్పై ఏళ్ళ పనివాణ్ణి నలుగురిలో నిలబెట్టి నీ చెయ్యి పోయిందంది. వాడు ఆమె పరువు జేబులో పెట్టుకుని మెట్లు దిగి పోయాడు.

దగ్గరి దారి ఒకటుంది. అది ఆమెకి తట్టకపోలేదు. శౌరయ్యని పిలిపించి, పొరపాటైందని చెప్పి, ఎలాగో ఇంకాస్త అట్ట పుట్టించి కార్డులు మళ్ళీ వేయించి, ఈసారి సరిగ్గా కోయించి ఇచ్చేస్తే సరిపోయె. పసుపు సంగతి ముగ్గురి మధ్యనే ఉండిపోతుంది. అందరికీ మంచిదే. ఈ లెక్క వేసుకునే రిక్షా ఎక్కింది.

భవానీపురంలో శౌరయ్య ఇల్లు కృష్ణ వైపు పోయే సందులో ఉంది. అతను వాకిట్లో మంచం నవారు బిగిస్తున్నాడు. భార్య దానమ్మ అరుగుమీద గోంగూర వలుస్తోంది. సుబ్బరత్నాన్ని చూసి శౌరయ్య లేచి, లోపల్నుంచి స్టూలు తెచ్చి వేశాడు. సుబ్బరత్నం కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పింది. పసుపు తను పెట్టానని, తప్పు తనదని, అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని, పనిలోకి రమ్మని చెప్పింది.

శౌరయ్య నవారు చివర పట్టుకుని విన్నాడు. పోనీండమ్మా, తెలిసిందేగా, భోంచేసి వస్తానన్నాడు. అంత తేలికగా అంటాడని ఆమె అనుకోలేదు. గుండెమీద బరువు దిగినట్టే అయింది.

దానమ్మ మాత్రం గోంగూర చేట పక్కన పెట్టింది. నిన్న శౌరయ్య పనికోసం మూడు ప్రెస్సులకి వెళ్ళాడని చెప్పింది. ఇద్దరు లోపలికే రానివ్వలేదు. మూడో ఆయన కూర్చోబెట్టి, చెయ్యి పోయిందటగా, పోనీ కాయితాలు మడత పెడతావా అని అడిగాడట. సోమవారం సాయంత్రం అన్న మాట మంగళవారం మధ్యాహ్నానికి సందు సందంతా తిరిగింది. ఇంటికొచ్చి ఈయన అన్నం ముందు కూర్చుని చేతి వంకే చూసుకున్నాడట.

శౌరయ్య భార్యని ఊరుకోమన్నాడు. ఆమె ఊరుకోలేదు.

"ఆయన్ని అన్నది నలుగురి మధ్యనండీ," అంది దానమ్మ. గొంతు పెంచలేదు. "తప్పు నాదని చెప్పేది మా వాకిట్లోనా అమ్మగారూ?"

వీధిలో ఎవరో బిందెలతో పోతూ వీళ్ళ వంక చూసి పోయారు. సుబ్బరత్నం ఆ వాకిట్లో నిలబడి ఆలోచించింది. దానమ్మ అడిగింది న్యాయమే. కానీ నలుగురిలో చెప్పడమంటే ఎవరి ముందు? రామకోటేశ్వరరావు ముందు. శివపార్వతమ్మ ముందు. కార్డుల పని ఇచ్చిన రోజు, అచ్చు వేయాల్సిన మేటర్ కాగితానికి కుంకుమ బొట్టు పెట్టి తెచ్చి, సుబ్బరత్నం చెయ్యి చాపితే ఇవ్వకుండా పక్కనున్న శౌరయ్య చేతికిచ్చాడు రామకోటేశ్వరరావు. మా అమ్మకి పట్టింపులండీ, ఏమీ అనుకోకండి అన్నాడు. మెళ్ళో సిలువ జపమాల ఉన్న శౌరయ్య చెయ్యి శకునానికి పనికొచ్చింది, ఆమెది రాలేదు. అలాంటివాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీ కట్టకి పసుపు రాసింది నేనే అని చెబితే ఈ పని ఎలాగూ పోతుంది. రేపు మాఘంలో ఏ తండ్రి కూతురి శుభలేఖ ఆ ప్రెస్సులో అచ్చు వేయిస్తాడు?

అదే మాట శౌరయ్య పైకి అన్నాడు. "ఆ పెద్దావిడ దగ్గర మాత్రం చెప్పకండమ్మా. ప్రెస్సు పోద్ది. నా సంగతంటారా, నాలుగు రోజులు పోతే జనం మర్చిపోతారు."

"మర్చిపోరు," అంది సుబ్బరత్నం. మెట్టు దిగి, చెప్పులు తొడుక్కుని, రిక్షా అతన్ని బస్సుల దగ్గరికి పోనిమ్మంది.

బెజవాడకి ఆ చివర భవానీపురం, ఈ చివర ఆటోనగర్. సిటీబస్సులో ఆ దారంతా ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మధ్యలో రెండుసార్లు దిగిపోదామనుకుంది. ఒకసారి లేచి కూడా నిలబడింది. కండక్టరు ఎక్కడమ్మా అంటే మళ్ళీ కూర్చుంది. నిజం చెప్పడానికి పోయేవాళ్ళు తల ఎత్తుకుని పోతారని పెద్దలు చెబుతారు గానీ, ఆమె మాత్రం తలకాయ వంచుకునే పోయింది.

రామకోటేశ్వరరావు షాపు ముందు మామిడి తోరణాలకి తాళ్ళు కడుతున్నారు. లోపల రంగు వాసన. చుట్టుపక్కల షాపుల వాళ్ళు ముగ్గురు బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నారు. శివపార్వతమ్మ గోడవారన కుర్చీలో కూర్చుని గంపలో కొబ్బరికాయలు ఏరి పెడుతోంది. రూపాయి కాసంత కుంకుమ బొట్టు, పసుపు రాసిన పాదాలు. సుబ్బరత్నం గుమ్మానికి పక్కగా జరిగి నిలబడింది. అది అలవాటు. కాళ్ళు వాటంతటవే జరిగాయి.

కార్డులు తెచ్చారా అని రామకోటేశ్వరరావు అడిగాడు. తేలేదంది. అతను మొహం చిట్లించి, బెంచీ మీద వాళ్ళకి చెప్పడం మొదలెట్టాడు. ఈవిడ ప్రెస్సులో ట్రెడిల్ మనిషికి చూపూ లేదు చెయ్యీ లేదు, తీసేశారులెండి, మంచిపని చేశారు, మీరు కూడా కార్డులేమైనా వేయించుకుంటే అంచులు కొలిచి తీసుకోండి అన్నాడు. బెంచీ మీదివాళ్ళు నవ్వారు.

ఆ నవ్వు వినేసరికి సుబ్బరత్నం తల ఎత్తింది.

"శౌరయ్య అచ్చు సరిగ్గానే వేశాడండీ. తప్పు నాది," అంది. "కట్టకి పసుపు పెట్టింది నేను. పెట్టకూడని వైపు పెట్టాను. అది చూసి కోసేవాడు కట్ట తిప్పేశాడు. అతని చెయ్యి పోయిందని నలుగురి ముందరా అన్నాను గనక, నలుగురి ముందరా చెబుదామని వచ్చాను."

టీ గ్లాసులు కిందికి దిగాయి. తోరణం కట్టే మనిషి నిచ్చెన మీదే ఆగిపోయి చూశాడు. రామకోటేశ్వరరావు మొహంలో రంగు మారింది. మీరు పసుపు పెట్టారా అని ఒక్కో అక్షరం పట్టి పట్టి అడిగాడు. పెట్టానంది. మా శుభకార్యానికా అన్నాడు. అవునంది.

"మా అమ్మకి తెలిస్తే ఏమవుతుందో తెలుసా మీకు?" అన్నాడు, తల్లి అక్కడే ఉందన్న సంగతి మరిచి.

"నాకేమవుతుందిరా?" అంది శివపార్వతమ్మ.

కొబ్బరికాయ గంపలో పెట్టి ఆమె నెమ్మదిగా లేచింది. కొంగు దులుపుకుని సుబ్బరత్నం దగ్గరికి వచ్చి నిలబడి, కాసేపు ఆమె మొహం చూసింది. ఏమంటుందోనని సుబ్బరత్నం కళ్ళు దించుకుంది. ఆ కార్డులు ఇంకా ప్రెస్సులోనే ఉన్నాయా అని అడిగింది శివపార్వతమ్మ. ఉన్నాయండీ అంది. ఆ అచ్చు వేసినాయన ఉంటాడా అంది. భోంచేసి వస్తానన్నాడండీ అంది.

"నేనూ అన్నానమ్మా ఆ రోజు, కళ్ళు లేనివాణ్ణి ఎందుకు పెట్టుకున్నావని," అంది ఆ పెద్దావిడ. "పద, పోదాం."

సుబ్బరత్నం ఎప్పటిలాగే పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. శివపార్వతమ్మ కదల్లేదు.

"ముందు నువ్వు నడు," అంది.

సుబ్బరత్నం తల ఎత్తి చూసింది. మూడేళ్ళయింది ఆమె ఒక ముత్తైదువకి ఎదర నడిచి. కాలు ముందుకి పడలేదు, కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు. ఆ నీళ్ళతోనే ఒక మెట్టు దిగింది.

అప్పుడు వెనకనుంచి వచ్చి రామకోటేశ్వరరావు తల్లికి అడ్డంగా చెయ్యి చాపాడు. పట్టింపు ఎవరిదో ఆ మొహం చూస్తే అక్కడున్న వాళ్ళందరికీ తెలిసిపోయింది.

"అమ్మా, ఈవిడ వెనకాల నువ్వు ఆ ప్రెస్సు గడప తొక్కావో, శుక్రవారం ఈ షాపు తలుపు నేను తియ్యను."